పింగాణీ పన్ను – టైటానియం తొడుగు: ఒక అతుకు చరిత్ర

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాసి ఇవ్వమని సంపాదకవర్గం వారు అడిగారు. కోటల గురించీ, శాసనాల గురించీ వ్రాయగలిగిన మిత్రులు మన సంఘంలో ఎందరో ఉన్నారు. నేను ముప్ఫై నాలుగేళ్ళు కొలిమి దగ్గర నిలబడి ఉద్యోగం చేసినవాణ్ణి. లోహమూ, వేడీ – ఈ రెంటిని గురించి తప్ప ధైర్యంగా చెప్పగలిగింది నా దగ్గర తక్కువ. అందుచేత ఆ రెంటికీ, మన వయసుకూ కూడా సంబంధం ఉన్న విషయం ఒకటి ఎంచుకున్నాను. అది మన నోట్లోనే ఉంది.

పంటికి తొడుగు వేయించుకున్నవారు మనలో చాలామంది ఉన్నారు. "క్యాప్" అంటాం. పైకి తెల్లగా పన్ను లాగే కనిపిస్తుంది. కాని చాలా తొడుగుల్లో లోపల పలుచటి లోహపు గిన్నె ఒకటి ఉంటుంది. దాని మీద పింగాణీ. నమిలే బలాన్ని లోహం మోస్తుంది, పంటి రూపాన్ని పింగాణీ ఇస్తుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి ఎలా పట్టుకుని ఉంటాయన్నది మొదటి ప్రశ్న. బంగారాన్నీ, నికెల్‌నూ పట్టుకున్నంత గట్టిగా పింగాణీ టైటానియంను ఎందుకు పట్టుకోలేకపోయిందన్నది రెండవ ప్రశ్న. మొదటిదానికి జవాబు తెలియకపోతే రెండవది అర్థం కాదు కనుక కొంచెం వెనక్కు వెళ్ళవలసి వస్తుంది.

ముందుగా ఒక సందేహం తీర్చాలి. తొడుగులో పింగాణీని జిగురుతో అంటించరు. పొడిని నీళ్ళతో తడిపి, కుంచెతో లోహం మీద పూసి, చిన్న విద్యుత్ కొలిమిలో పెట్టి కాలుస్తారు. పొడి కరిగి గాజులా మారి లోహానికి పట్టుకుంటుంది. మన ఇళ్ళల్లో, పాత ఆసుపత్రుల్లో తెల్లటి పింగాణీ పళ్ళాలు, నీలం అంచు గిన్నెలు వాడిన రోజులు గుర్తుండే ఉంటాయి. అవి నిజానికి ఇనుప గిన్నెలు, పైన కాల్చిన గాజు పూత. గిన్నె కిందపడితే పెచ్చు ఊడి నల్లటి మచ్చ కనిపించేది. పంటి తొడుగు కూడా అటువంటి గిన్నె, అంతే. దంతవైద్యులు వాడేదాన్ని పింగాణీ అంటున్నాం గాని, అందులో కప్పులూ సాసర్లూ చేసే తెల్లమట్టి దాదాపు ఉండదు. ఎక్కువ పాలు ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం, కొంత పలుగురాయి.

పింగాణీ నోట్లోకి వచ్చింది ఒక మందుల దుకాణదారు వలన. పారిస్ పక్కన సేంట్ జెర్మేన్ అనే ఊళ్ళో అలెక్సిస్ దుషాటో అనే ఆయన మందులు నూరి అమ్మేవాడు. ఆ రోజుల్లో కట్టుడు పళ్ళు దంతంతోనూ, నీటిగుర్రం కోరతోనూ చేసేవారు. అవి వాసనలు పీల్చుకుంటాయి. రోజంతా మందులు రుచి చూసే మనిషి నోట్లో ఆ పళ్ళు భరించరానివయ్యాయి. తన గల్లాలో ఉన్న పింగాణీ పాత్రలకు మరక అంటదు, వాసన పట్టదు. పళ్ళు కూడా వాటితోనే ఎందుకు చేయకూడదని ఆయన 1774లో ఒక పింగాణీ ఫ్యాక్టరీకి వెళ్ళాడు. కాల్చినప్పుడల్లా మట్టి ముడుచుకుపోయి పళ్ళవరుస దవడకు సరిపోకపోవడంతో ఎన్నోసార్లు చేయించవలసి వచ్చింది. ఆయనకు సాయపడిన దంతవైద్యుడు నికోలా దుబ్వా ద షేమాన్ ఆ పద్ధతిని మెరుగుపరచి, ఫ్రెంచి రాజు దగ్గర హక్కు పత్రం తన పేర సంపాదించుకున్నాడు. దుషాటో కోర్టుకెక్కి ఓడిపోయాడు. ఇటువంటివి మనం ఉద్యోగాల్లో చూడనివి కావు.

ఫ్రెంచి విప్లవం రావడంతో దుబ్వా ఇంగ్లండుకు వెళ్ళిపోయి, అక్కడ 1791లో పింగాణీ పళ్ళకు పేటెంటు పొందాడు. అదే ఏడాది, అదే దేశంలో, కార్న్‌వాల్ ప్రాంతంలో విలియమ్ గ్రెగర్ అనే క్రైస్తవ పురోహితుడు వాగు ఒడ్డున నల్లటి ఇసుకను పరీక్షించి, అందులో అంతవరకు ఎవరికీ తెలియని లోహం ఒకటి ఉన్నదని ప్రకటించాడు. నాలుగేళ్ళ తరువాత జర్మన్ రసాయన శాస్త్రవేత్త క్లాప్రోత్ దానికి గ్రీకు పురాణాల్లోని టైటానుల పేరు పెట్టాడు. అలా పింగాణీ పన్ను, టైటానియం 1791లో ఒకే దేశంలో నమోదయ్యాయి. కొలిమిలో అవి కలుసుకోవడానికి మాత్రం దాదాపు రెండువందల ఏళ్ళు పట్టింది.

ఈలోగా పింగాణీ ఇతర లోహాలతో జతకట్టింది. ఇటలీ నుంచి పారిస్ వచ్చిన ఫోంజీ 1808లో విడివిడి పింగాణీ పళ్ళు చేసి, ఒక్కొక్కదాని వెనుక ప్లాటినం కొక్కెం ఒకటి కాల్చి అమర్చాడు. ఆ కొక్కేన్ని పళ్ళవరుస చట్రానికి తగిలించేవారు. ప్లాటినమే ఎందుకు? వేడి చేసినప్పుడు అది సాగేది దాదాపు పింగాణీ సాగినంతే, చల్లారినప్పుడు ముడుచుకునేదీ అంతే. పైగా ఎంత కాల్చినా తుప్పు పట్టదు. ఈ ప్లాటినం సంగతి గుర్తుంచుకోమని కోరుతున్నాను. సాగుదలలో టైటానియం దీనికి చాలా దగ్గర చుట్టం. గుణంలో మాత్రం పూర్తిగా విరోధి.

తరువాత అమెరికాలో డెట్రాయిట్ నగరపు దంతవైద్యుడు చార్లెస్ లాండ్ పలుచటి ప్లాటినం రేకును అచ్చుగా వాడి, దాని మీద పింగాణీ తొడుగు కాల్చి, రేకును ఒలిచివేసే పద్ధతి కనిపెట్టాడు. 1927లో ఒంటరిగా అట్లాంటిక్ సముద్రం దాటిన విమానవీరుడు లిండ్‌బర్గ్ ఈయన కూతురి కొడుకే. లాండ్ తొడుగులు చూడ ముచ్చటగా ఉండేవి. లోపల లోహం దన్ను లేదు కనుక గట్టి వస్తువు కొరికితే పగిలేవి.

అసలు మలుపు 1962లో వచ్చింది. అమెరికాలో వైన్‌స్టైన్‌లు ఇద్దరు, కాట్జ్ అనే మరొకాయన కలిసి, బంగారు మిశ్రమం మీద నేరుగా పింగాణీ కాల్చే పద్ధతికి పేటెంట్లు పొందారు. ఇంచుమించు అప్పుడే జర్మనీలో వీటా కంపెనీ కూడా ఇటువంటి పింగాణీ పొడులు అమ్మకానికి తెచ్చింది. ఇక్కడ రెండు సూత్రాలున్నాయి. ఓపికగా చదవమని మనవి.

మొదటిది సాగుదల. మీటరు పొడవు బంగారు మిశ్రమపు కడ్డీని వెయ్యి డిగ్రీలు వేడి చేస్తే సుమారు 14 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంతకు ముందరి పింగాణీలు అంత పెరిగేవి కావు. చల్లారేటప్పుడు రెండూ వేర్వేరుగా ముడుచుకుంటే మధ్యలో చీలిక తప్పదు. వైన్‌స్టైన్‌లు పొటాషు ఎక్కువగా ఉన్న ఫెల్డ్‌స్పార్ వాడి, పింగాణీలో ల్యూసైట్ అనే స్ఫటికాలు పుట్టేలా చేశారు. వాటి సాగుదల చాలా ఎక్కువ. అవి తగినన్ని ఉంటే పింగాణీ సాగుదల 13 దాకా వస్తుంది. లోహం కంటె ఒక్క పిసరు తక్కువ. ఆ పిసరు కావాలని ఉంచిందే. మన ఊళ్ళలో కమ్మరి బండి చక్రానికి పట్టా వేయడం చూసినవారికి ఇది సులువుగా తెలుస్తుంది. ఎర్రగా కాల్చిన పట్టా చల్లారి ముడుచుకుంటూ చెక్కను బిగిస్తుంది. అక్కడ బిగించేది బయట ఉంటుంది. తొడుగులో లోపలున్న లోహం కాస్త ఎక్కువ ముడుచుకుని, పైనున్న పింగాణీని తనతో పాటు దగ్గరకు లాగి అదిమి పెడుతుంది. పింగాణీ అదిమితే బలం, లాగితే బలహీనం.

రెండవది తుప్పు. ఇది కొత్తవారికి వింతగా ఉంటుంది. కరిగిన గాజు శుభ్రమైన లోహానికి అంటుకోదు. లోహం మీద ఉన్న పలుచటి తుప్పు పొరకు, అంటే ఆక్సైడ్‌కు అంటుకుంటుంది. ఆ పొరలో కొంత గాజులో కరుగుతుంది, మిగతాది లోహాన్ని పట్టుకుని ఉంటుంది. అదే అతుకు. స్వచ్ఛమైన బంగారానికి తుప్పు పట్టదు కనుక దానికి పింగాణీ అంటదు! అందుకని ఆ బంగారంలో కొద్దిగా తగరం, ఇండియం, ఇనుము కలుపుతారు. కొలిమిలో పెట్టగానే అవి పైకి వచ్చి పలుచటి ఆక్సైడ్ పొర కడతాయి. బంగారానికి తుప్పు పట్టడం నేర్పించాలన్నమాట. టైటానియం విషయంలో కష్టం సరిగ్గా దీనికి తిరుగుడు.

బంగారం రోజులు ఎక్కువ కాలం సాగలేదు. 1971 ఆగస్టులో అమెరికా డాలరుకూ బంగారానికీ ఉన్న ముడి తెంచింది. ఔన్సు 35 డాలర్లకు అంటిపెట్టుకుని ఉన్న ధర 1980 జనవరి నాటికి 850 దాకా పోయింది. పంటి తొడుగుల్లోకి నికెల్–క్రోమియం మిశ్రమాలు దిగాయి. చవక, గట్టి, పింగాణీని చక్కగా పట్టుకుంటాయి. ఇప్పటికీ మన దేశంలో లోహపు తొడుగుల్లో ఎక్కువ కనిపించేవి ఇవే. అందరికీ ఇవి పడతాయి కూడా, కొందరికి తప్ప. గిల్టు కమ్మలు పెట్టుకుంటే చెవి తమ్మెలు పుండ్లు పడే ఆడవాళ్ళు మీ ఇళ్ళల్లో ఉండవచ్చు. చాలాసార్లు దానికి కారణం నికెల్. అటువంటి వారి నోట్లో నికెల్ తొడుగు పెట్టడానికి వైద్యులు వెనుకాడతారు. కొన్ని మిశ్రమాల్లో బెరీలియం కూడా కలిపేవారు. దాని దుమ్ము పీల్చే ల్యాబు పనివారి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

నికెల్‌కు బదులు ఏది అనుకునే సరికి టైటానియం ముందుకు వచ్చింది. గ్రెగర్ కనుక్కున్న లోహాన్ని శుద్ధంగా విడదీయడానికే 1910 దాకా పట్టింది. ఆ పని అమెరికాలో మాథ్యూ హంటర్ చేశాడు. టన్నుల్లెక్కన తీసే దారి లక్సెంబర్గ్‌కు చెందిన విల్‌హెల్మ్ క్రోల్ 1930లలో వేశాడు. నేటికీ ప్రపంచమంతా ప్రధానంగా వాడేది ఆయన పద్ధతే. హైదరాబాదు వారికి ఈ లోహం పరాయిది కాదు. కంచన్‌బాగ్‌లో 1973లో ఏర్పడిన మిశ్రధాతు నిగమ్ టైటానియం కడ్డీలు, రేకులు చేస్తుంది. దాని పొరుగునే ఉన్న రక్షణ లోహ పరిశోధనశాల వారు రూపొందించిన సాంకేతికతతోనే కేరళలోని చవరలో 2011లో టైటానియం స్పాంజి కర్మాగారం మొదలైంది.

నోటికి దీన్ని పరిచయం చేసింది స్వీడన్ వైద్యుడు బ్రోనెమార్క్. 1952లో కుందేలు ఎముకలో టైటానియం గొట్టం పెట్టి రక్తప్రసారం పరిశీలించి, తరువాత దాన్ని తీయబోతే రాలేదు. ఎముక దాన్ని తనలో కలుపుకున్నది. 1965లో యోస్టా లార్సన్ అనే ఆయన దవడలో టైటానియం మేకులు నాటి వాటిపై పళ్ళు కట్టాడు. 2006లో ఆయన చనిపోయే వరకు అవి పనిచేశాయి. 1982లో టొరంటోలో జరిగిన సమావేశంతో ఈ సంగతి ప్రపంచమంతటికీ తెలిసింది. టైటానియం శరీరానికి ఎందుకు పడుతుందంటే, గాలి తగిలిన క్షణంలోనే దాని మీద కొద్ది నానోమీటర్ల ఆక్సైడ్ పొర ఏర్పడి లోపలి లోహాన్ని మూసేస్తుంది. గీత పడితే మళ్ళీ క్షణంలో పూడుకుంటుంది. ప్రాణవాయువు మీద ఆ లోహానికి ఉన్న ఆశే దాన్ని ఎముకకు ఇష్టుణ్ణి చేసింది. ఆ ఆశే కొలిమిలో కొంప ముంచుతుంది.

ఈ విషయం నా దృష్టికి వచ్చింది మా ఇంట్లోనే. నా శ్రీమతికి గిల్టు నగలు పడవు. 2005లో పై దవడ పంటికి తొడుగు వేయించవలసి వచ్చినప్పుడు, డాక్టరు గారు నికెల్ వద్దని చెప్పి, మరో ఊళ్ళోని ల్యాబుకు పంపి టైటానియం తొడుగు చేయించారు. మూడేళ్ళు బాగానే ఉంది. ఒక సంక్రాంతికి చేగోడీ కొరికితే పింగాణీ పెచ్చు ఊడి చేతిలోకి వచ్చింది. ఇంటిల్లిపాదీ నేరం చేగోడీ మీదికి తోశారు. ల్యాబు వారు కూడా అదే మాట. నేను ఆ పెచ్చును కిటికీ దగ్గర వెలుతురులో తిప్పి చూశాను. లోపలి వైపు నున్నగా, బూడిద రంగు పొర ఒకటి అంటుకుని ఉంది. ఆవిడ నోట్లో మిగిలిన లోహం మాత్రం ఎక్కడా పింగాణీ మరక లేకుండా బోసిగా ఉంది. పింగాణీయే బలహీనమై విరిగితే లోహం మీద కొంత మిగలాలి కదా. ఇక్కడ విరిగింది పింగాణీ కాదు.

దంతవైద్యం చదువుతున్న మా మేనల్లుడు కొన్ని పాత పరిశోధన పత్రాల ప్రతులు తెచ్చి ఇచ్చాడు. "మామయ్యా, ఇవి పంటి గురించి అనుకోకండి, మీ కొలిమి గురించి అనుకుని చదవండి" అన్నాడు. వాడి మాట నిజమే.

మన పనిలో చూసిన సంగతి ఒకటి చెబుతాను. సానపట్టిన ఉక్కును కొంచెం వేడి చేస్తే గడ్డి రంగు, ఊదా, నీలం పొరలు వస్తాయి. వాటిని గోకినా రావు. అదే ఉక్కును ఎర్రగా చాలాసేపు కాలిస్తే స్కేలు కడుతుంది. సుత్తి తగిలితే పొలుసులుగా రాలిపోతుంది. రెండూ ఆక్సైడే. పలుచగా ఉన్నంతసేపు పట్టు, మందమైతే పొలుసు. మామూలు పింగాణీ కాల్చడానికి 900 డిగ్రీలు దాటాలి. ఆ వేడిలో టైటానియం ఊరుకోదు. 882 డిగ్రీల దగ్గర దాని లోపలి స్ఫటిక నిర్మాణమే మారిపోతుంది. ప్రాణవాయువును ఉపరితలం మీద తుప్పుగా కట్టుకోవడమే కాక, తన లోపలికి కూడా కరిగించుకుని పెళుసెక్కుతుంది. 1990లో అమెరికాలో అడాచి, మకర్ట్ మొదలైనవారు దీన్ని కొలిచి చూపారు. 750 డిగ్రీల దగ్గర ఏర్పడిన పొర మైక్రానులో చిన్న భిన్నం. అది లోహాన్ని పట్టుకునే ఉంది. 1000 డిగ్రీల దగ్గర పొర సుమారు మైక్రాను మందమెక్కి లోహం నుంచి లేచిపోయింది. పింగాణీ ఊడిన చోట, ఆక్సైడ్ పింగాణీతో పాటే వచ్చేసింది. అదే ఏడాది జపాన్‌లో కిమురా బృందం కూడా వేడి 900 దాటితే అతుకు బలం పడిపోతుందని వ్రాసింది. మా ఇంటి పెచ్చు మీద నేను చూసిన బూడిద పొర ఇదే అయి ఉంటుందని నా నమ్మకం. పింగాణీకీ ఆక్సైడ్‌కీ మధ్య తగవు లేదు. ఆక్సైడ్‌కూ దాన్ని కన్న లోహానికే పొత్తు కుదరలేదు.

సరే, తక్కువ వేడిలో కాల్చే పింగాణీ చేస్తే పోలేదా అంటారు. చేశారు. కాని అది అనుకున్నంత తేలిక కాదు. టైటానియం సాగుదల 9 చుట్టూ, అంటే ఫోంజీ ప్లాటినం అంత. బంగారానికి అమర్చిన 13 సాగుదల పింగాణీని దాని మీద కాలిస్తే, చల్లారేటప్పుడు పింగాణీయే ఎక్కువ ముడుచుకుని బీటలు వారుతుంది. కనుక ల్యూసైట్ తగ్గించి సాగుదల దించాలి. మరోవైపు 800 డిగ్రీల లోపే కరగాలి. గాజు త్వరగా కరగాలంటే సోడా, పొటాషు పెంచాలి. అవి పెంచితే సాగుదల పెరుగుతుంది, నీటికి ఓర్చుకునే శక్తి తగ్గుతుంది. ఒకటి దించబోతే మరొకటి లేస్తుంది. బోరాన్ వంటివి చేర్చి, ఎన్నో పాళ్ళు మార్చి, 1980ల చివరి నుంచి జర్మనీ, జపాన్, స్వీడన్ దేశాల కంపెనీలు టైటానియం కోసమే ప్రత్యేకమైన పొడులు తయారుచేశాయి. గాలి తగ్గించిన కొలిమిలో 750, 780 డిగ్రీల దగ్గర వీటిని కాలుస్తారు.

పింగాణీ పూయక ముందు తొడుగు రూపం తేవడమే మరొక యుద్ధం. టైటానియం 1668 డిగ్రీలకు కరుగుతుంది. కరిగిన టైటానియం మూసను తింటుంది, అచ్చును తింటుంది, గాలినీ తింటుంది. ఆర్గాన్ వాయువులో విద్యుత్ జ్వాలతో కరిగించి పోసే యంత్రాలు 1980లలో జపాన్‌లో తయారయ్యాయి. అయినా అచ్చులోని సిలికాతో కలిసి పోత మీద గట్టి, పెళుసు తోలు ఒకటి కడుతుంది. దాన్ని పూర్తిగా అరగదీయకుండా పింగాణీ పూస్తే, ఆ తోలుతో సహా ఊడుతుంది. స్వీడన్‌లో మాట్స్ అండర్సన్ అసలు పోతే మానేశాడు. టైటానియం దిమ్మను బయట యంత్రంతో చెక్కి, లోపలి వైపు విద్యుత్ నిప్పురవ్వలతో తొలిచి తొడుగు చేశాడు. కరిగించడం లేదు కనుక తోలు సమస్యే లేదు. నా దృష్టిలో ఈ కథలో అందరికంటె తెలివైన పని ఇదే. కష్టమైన మెట్టును గెలవడానికి ప్రయత్నించకుండా తప్పించాడు. ఆ పనే ప్రొసెరా అనే పేరుతో వ్యాపారంలోకి వచ్చింది.

ఇక పట్టు పెంచడానికి చేయని ప్రయోగం లేదు. అల్యూమినా రవ్వను గాలితో కొట్టి ఉపరితలం గరుకు చేయడం అందరూ పాటించేది. ఆమ్లంతో కడగడం, పింగాణీకి ముందు పట్టుపూత ఒకటి వేయడం, ఆర్గాన్‌లో కాల్చడం కూడా ఉన్నాయి. టైటానియం ఊపిరి తీసుకోకుండా పైన పలుచగా బంగారమో, క్రోమియమో, సిలికాన్ నైట్రైడో పూసినవారు కూడా ఉన్నారు. బంగారానికి తుప్పు నేర్పడానికి తగరం కలిపినవారు, టైటానియం తుప్పు ఆపడానికి దానికి బంగారం పూశారు!

మరి చివరికి ఎంత పట్టు దొరికింది? దీనికి కొలత ఉంది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 9693 సంఖ్య గల ప్రమాణంలో ఒక పరీక్ష నిర్ణయించింది. జర్మన్ ఆచార్యుడు ష్విక్కెరాత్ పేరుతో పిలుస్తారు. 25 మిల్లీమీటర్ల పొడవు, 3 వెడల్పు, అర మిల్లీమీటరు మందం లోహపు రేకు తీసుకుని, నడుమ 8 మిల్లీమీటర్ల మేర పింగాణీ కాలుస్తారు. రెండు చివర్లా ఆనించి మధ్యలో నొక్కుతారు. పింగాణీ అంచు ఎప్పుడు లేస్తే అప్పటి బలాన్ని లెక్కిస్తారు. అది కనీసం 25 మెగాపాస్కల్స్ ఉండాలి. అంటే చదరపు మిల్లీమీటరుకు సుమారు రెండున్నర కిలోలు. నికెల్–క్రోమియం మీద మామూలు పింగాణీ ఈ గీతను సునాయాసంగా దాటుతుంది. రవ్వతో కొట్టిన టైటానియం మీద తక్కువ వేడి పింగాణీ ఆ గీత చుట్టుపక్కలే తిరుగుతుంది. పొడి, పట్టుపూత, కొలిమి వేడి అన్నీ కుదిరితే దాటుతుంది, ఏ ఒక్కటి తప్పినా కిందికి దిగుతుంది. కనుక టైటానియంకు పింగాణీ అంటదనడం తప్పు. అంటుతుంది. కాని పనివాడి పొరపాటును క్షమించదు. నికెల్ క్షమిస్తుంది. ఒక మోస్తరు ల్యాబులో కూడా నికెల్ తొడుగు నిలబడుతుంది. టైటానియం తొడుగుకు శ్రద్ధగల ల్యాబు, సరిగ్గా వేడి చూపే కొలిమి కావాలి. యాభై డిగ్రీలు తప్పుగా చూపే పైరోమీటరు ఏమి చేయగలదో మన మిత్రులకు వివరించనక్కరలేదు. ఈ చరిత్ర అంతా చదివాక చేగోడీని నిర్దోషిగా విడుదల చేశాను. మూడేళ్ళుగా లేస్తూ ఉన్న పెచ్చుకు అది చివరి తాకిడి మాత్రమే.

ఆ తొడుగుకు డాక్టరు గారు నోట్లోనే రెసిన్‌తో మాటు వేశారు. కొన్ని నెలలు ఆగింది. తరువాత తొడుగే మార్చి జిర్కోనియాది వేశారు. అది ఇప్పటికీ ఉంది. ప్రపంచం కూడా ఇంచుమించు ఆ దారినే నడిచింది. టైటానియం మీద పింగాణీని ఎలా నిలపాలా అని ఇరవై ఏళ్ళు తలలు పట్టుకున్న తరువాత, 2000 నుంచి కంప్యూటరుతో చెక్కే జిర్కోనియా వచ్చి ఆ ప్రశ్ననే పక్కకు నెట్టింది. జిర్కోనియా లోహం కాదు, లోహపు ఆక్సైడే. తెల్లగా ఉంటుంది, చాలా గట్టిది. కొలిమిలో కొత్తగా తుప్పు పట్టేదేమీ లేదు. మొదట్లో దాని మీద కూడా పింగాణీ పూసేవారు, పెచ్చులు అక్కడా ఊడాయి. అందుకని ఇప్పుడు చాలామంది పూత లేకుండా మొత్తం జిర్కోనియాతోనే తొడుగు చేస్తున్నారు.

భీమిలి తీరంలో ఇసుక మీద నల్లటి చారలు చూసినవారికి ఒక మాట. ఆ బరువు ఇసుకలో టైటానియం ఇచ్చే ఇల్మనైట్, జిర్కోనియం ఇచ్చే జిర్కాన్ రెండూ కలిసే ఉంటాయి.

తొడుగు వేయించుకోబోయే మిత్రులకు నాకు తోచినవి చెబుతాను. గిల్టు నగలు, గడియారం గొలుసు, పిన్నీసు తగిలితే దురద పెట్టే అలవాటు ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి. తొడుగు లోపల ఏ లోహమో అడిగి, బిల్లు మీద పేరు వ్రాయించుకోండి. పింగాణీ పూసిన టైటానియం అంటే, టైటానియంకు వేరే పింగాణీ పొడి, వేరే కాల్పు లెక్క ఉన్న ల్యాబేనా అని అడగడంలో తప్పు లేదు. పెచ్చు ఊడితే పారవేయకుండా కాగితంలో చుట్టి డాక్టరుకు చూపించండి. లోపలి వైపు పరిశీలిస్తే ఏది ఏది వదిలేసిందో కొంతవరకు తెలుస్తుంది.

టైటానియం నోట్లోంచి పోలేదు. దవడ ఎముకలో వేరుగా దానికి సాటి ఇంకా రాలేదు. ఇప్పుడు చాలాచోట్ల ఆ వేరు మీద చిన్న టైటానియం దిమ్మ బిగించి, దాని మీద విడిగా చేసిన జిర్కోనియా తొడుగును రెసిన్ సిమెంటుతో అతికిస్తున్నారు. ఆ అతుకు గది వేడిలోనే గట్టిపడుతుంది. కొలిమి అక్కరలేదు.